విద్యుత్ కారు డిక్కీకి స్పాయిలర్: ఎంపిక, అమరిక

విద్యుత్ కారు కొన్న కుటుంబాలు ఏడాది తిరగకముందే దానికి ఏదో ఒక అలంకారం చేయించాలని తలచడం నగరంలో మామూలు విషయమైంది. బెంగళూరు జె.సి. రోడ్డు దుకాణాలలో సీటు కవర్లకు, మ్యాట్లకు తోడుగా రకరకాల స్పాయిలర్లు కూడా దొరుకుతాయి. డిక్కీ అంచున అమర్చే ఈ పట్టీని చూసి ముచ్చటపడడంలో తప్పు లేదు. కానీ అమ్మేవారు చెప్పే మాటలలో కొన్ని నిజాలు, కొన్ని అతిశయోక్తులు కలగలిసి ఉంటాయి. ఒకసారి రేకుకు రంధ్రం పడిన తరువాత ఆ రెంటినీ వేరు చేసుకున్నా ప్రయోజనం ఉండదు.

అందువల్ల అసలు విషయం ముందే చెప్పుకోవాలి. నగర వీధులలో తిరిగే కారుకు స్పాయిలర్ ఆభరణమే తప్ప పరికరం కాదు. ఆభరణమని తెలిసి కొంటే, చెవి కుట్టనవసరం లేని కమ్మలాగా దానిని పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. పరికరమని నమ్మి కొంటే పెద్దది కావాలనిపిస్తుంది, బిగువుగా ఉండాలనిపిస్తుంది, చివరకు డ్రిల్లింగ్ యంత్రం బయటకు వస్తుంది.

పేరు, పని

స్పాయిలర్ అన్న మాటకు పాడుచేసేది అని అర్థం. అది పాడుచేసేది కారును కాదు, కారు వీపు మీదుగా సాగిపోయే గాలి ప్రవాహాన్ని. వేగంగా పోయే కారు పైభాగపు వంపు మీదుగా గాలి జారుతున్నప్పుడు అక్కడ పీడనం తగ్గి, వెనుక భాగం కొద్దిగా పైకి లేవబోతుంది. వెనుక చక్రాలకు నేలపై పట్టు ఆ మేరకు సడలుతుంది. డిక్కీ అంచున చిన్న కట్ట వేసినట్లు ఒక పట్టీ ఉంటే గాలి ఆ వంపును అంటిపెట్టుకొని కిందికి జారకుండా అక్కడే విడిపోతుంది, ఆ లేపే బలం తగ్గుతుంది. 1972లో పోర్షే సంస్థ 911 కరేరా ఆర్‌ఎస్ కారుకు బాతు తోకను పోలిన పట్టీని అమర్చినది ఇందుకే.

రెక్క వేరు. విమానపు రెక్కను తలకిందులు చేసి స్తంభాలపై నిలబెడితే అది కారును కిందికి నొక్కుతుంది. 1966లో చాపరల్ పందెపు కారు వెనుక ఎత్తున నిలిచిన రెక్క మోటారు పందేల తీరునే మార్చివేసింది. దుకాణాలలో ఈ రెండింటినీ స్పాయిలర్ అనే పిలుస్తారు. కొనేవారు మాత్రం తేడా గుర్తుంచుకోవాలి. అంచుకు అంటుకొని ఉండేది పట్టీ, స్తంభాలపై నిలిచేది రెక్క. ఈ పాఠం పట్టీని గురించినది. నగరంలో రెక్కతో పని లేదు.

ఇంకొక సంగతి. మన వీధులలో కనిపించే విద్యుత్ కార్లలో చాలా వాటికి విడి డిక్కీ ఉండదు, వెనుక అద్దంతో సహా తలుపంతా పైకి లేస్తుంది. అలాంటి వాటికి కప్పు చివరన కర్మాగారంలోనే స్పాయిలర్ అమరి ఉంటుంది. 2023 తరువాతి నెక్సాన్ ఈవీలో వెనుక వైపర్ కూడా దాని కిందనే దాగి ఉంటుంది. ఇలాంటి కారుకు దాని మీద మరొకటి అతికించడం అనవసరం. టాటా టిగోర్ ఈవీ, బీవైడీ సీల్ వంటి విడి డిక్కీ గల సెడాన్ల యజమానులకే ఈ ప్రశ్న ఎదురవుతుంది.

గాలి లెక్క

గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెండింతలైతే నిరోధం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే దుకాణదారు చెప్పే మాటలలో సగం తేలిపోతాయి.

ఒక మధ్యరకం విద్యుత్ సెడాన్‌ను తీసుకుందాం. ఎదురుగా చూస్తే దాని విస్తీర్ణం 2.2 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.25 అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలి దానిని వెనక్కు నెట్టే బలం సుమారు 23 న్యూటన్లు, అంటే రెండు కిలోల పైచిలుకు బరువుతో సమానం. అదే కారు బరువు 1,600 కిలోలైతే టైర్లు దొర్లడంలో ఎదురయ్యే నిరోధం 150 న్యూటన్లకు పైగా ఉంటుంది. నగర వేగంలో గాలికంటే టైరే ఆరింతలు ఎక్కువగా అడ్డుపడుతున్నదన్న మాట. ఛార్జింగు ఎక్కువ దూరం రావాలనుకునేవారు స్పాయిలర్ దుకాణానికి వెళ్లేముందు పెట్రోలు బంకులో టైర్ల గాలి చూపించుకోవడం మేలు. విద్యుత్ కార్ల యజమానులు బంకు ముఖం చూడడం మానేయడంతో ఈ పని తరచుగా మరుగున పడుతున్నది.

నొక్కే బలం సంగతీ ఇంతే. ఒకటింబావు మీటరు పొడవు, జానెడు కంటే తక్కువ వెడల్పు గల స్పాయిలర్ 30 కిలోమీటర్ల వేగంలో కలిగించే ఒత్తిడి అరకిలోకు మించదు. వంద కిలోమీటర్ల వేగంలో అది నాలుగు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా పడవేస్తే అంతకు ఆరింతలు బరువు పడుతుంది, బండి నిలిచి ఉన్నప్పుడు కూడా! పైగా టిగోర్ ఈవీ వంటి కార్లను నడిపేది ముందు చక్రాలు. వెనుక చక్రాలను నొక్కి ఉంచినందువల్ల బండి లాగే శక్తి పెరగదు.

రహదారిపై లెక్క మారుతుంది. మధ్యలో విభజన గల నాలుగు వరుసల రహదారులపై కార్లకు కేంద్ర ప్రభుత్వం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి నిరోధం 23 నుంచి 255 న్యూటన్లకు చేరి టైర్ల నిరోధాన్ని దాటిపోతుంది. ఇక్కడ సరిగా రూపొందని స్పాయిలర్ నష్టం చేస్తుంది. నిరోధ గుణకం 0.25 నుంచి 0.27కు పెరిగితే వంద కిలోమీటర్లకు అర యూనిట్టు పైగా విద్యుత్తు అదనంగా ఖర్చవుతుంది. పండుగకు బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్లే కుటుంబం ఆ 570 కిలోమీటర్లలో మూడు యూనిట్లకు పైగా గాలికి వదిలివేస్తుంది. వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తీసుకునే కారుకు అది ఇరవై కిలోమీటర్ల ప్రయాణం. తదుపరి ఛార్జింగు కేంద్రం అంత దూరంలోనే ఉన్నప్పుడు ఆ ఇరవై కిలోమీటర్ల విలువ తెలుస్తుంది.

మంచి స్పాయిలర్ నిరోధాన్ని కొద్దిగా తగ్గించగలదన్న మాట కూడా నిజమే. కానీ విద్యుత్ కార్ల రూపకర్తలు ఆ పనిని ముందే చేసి ఉంటారు. మెర్సిడెస్ ఈక్యూఎస్ గుణకం 0.20, టెస్లా మోడల్ ఎస్ గుణకం 0.208. ఇలాంటి అంకెలు సాధించడానికి గాలి సొరంగాలలో ఎన్నో పరీక్షలు చేస్తారు, డిక్కీ అంచు ఎక్కడ తెగాలో కూడా అక్కడే తేలుతుంది. టెస్లా మోడల్ 3లోని పెర్ఫార్మెన్స్ రకానికి కర్మాగారంలోనే కార్బన్ ఫైబర్ స్పాయిలర్ వస్తుంది. అది ఆ కారు రూపకల్పనలో భాగం. అచ్చులో పోసి, రంగు వేసి, పది రకాల కార్లకు సరిపోతుందని అమ్మే పట్టీకి ఆ అర్హత లేదు.

ఎంపిక

పై లెక్కను బట్టి ఎంపిక సులభమవుతుంది. ఎంత చిన్నదైతే, అంచుకు ఎంత దగ్గరగా ఒదిగితే అంత మంచిది. కారు తయారీ సంస్థే తన అధీకృత కేంద్రంలో ఆ మోడలుకు స్పాయిలర్ అమ్ముతున్నట్లయితే ధర ఎక్కువైనా దానినే తీసుకోవాలి. వంపు సరిపోతుంది, రంగు కలుస్తుంది, బిల్లు చేతిలో ఉంటుంది. బిల్లు ఎందుకో తరువాత చూద్దాం.

బయట కొనవలసి వస్తే ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి మెరుగు. అచ్చు కచ్చితంగా ఉంటుంది, కొద్దిగా వంగినా పగలదు. గాజు నారతో చేసిన, దుకాణాలలో ఫైబర్ అని పిలిచే రకం చవక, కానీ ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటుంది. అంచులు ఎగుడుదిగుడుగా ఉంటే టేపు పూర్తిగా అంటదు. అసలైన కార్బన్ ఫైబర్ తేలిక, ఖరీదు. ప్లాస్టిక్‌పై కార్బన్ అల్లిక బొమ్మ అతికించినవి ఎక్కువగా కార్బన్ పేరుతో చలామణీ అవుతాయి. లోపలి వైపు తిప్పి చూస్తే ఆ రహస్యం బయటపడుతుంది.

కొనేముందు దుకాణం ఎదుటనే డిక్కీపై పెట్టి చూడాలి. రెండు కొనలూ డిక్కీ అంచును దాటి బయటకు పొడుచుకు రాకూడదు. మధ్యలో వేలు దూరే సందు ఉండకూడదు. ఒక మనిషి పట్టుకొని ఉండగా డ్రైవరు సీటులో కూర్చొని లోపలి అద్దంలో చూస్తే వెనుక వచ్చే ద్విచక్ర వాహనం హెడ్‌లైటు కనిపించాలి. డిక్కీ తలుపును పూర్తిగా పైకెత్తి స్పాయిలర్‌ను దానిపై ఉంచినప్పుడు తలుపు అలాగే నిలవాలి. మెల్లగా కిందికి దిగివస్తుంటే ఆ బరువును తలుపు మోయలేదని అర్థం, సామాను దించుకునేవారి తలపై పడుతుంది.

బ్రేకు దీపం విషయంలో రాజీ పనికిరాదు. వెనుక అద్దం వద్ద ఎత్తున ఉండే మూడవ బ్రేకు దీపం వెనుక వచ్చే స్కూటరు నడిపేవారికి, ఆటోవారికి మొదట కనిపించే హెచ్చరిక. విద్యుత్ కార్లలో దీని ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీకి విద్యుత్తు తిరిగి పంపుతుంది. బ్రేకు తొక్కకుండానే బండి గట్టిగా నెమ్మదిస్తుంది, అప్పుడు కూడా బ్రేకు దీపాలు వెలుగుతాయి. ఇంజను శబ్దం తగ్గడం వంటి ఇతర సూచనలేవీ వెనుకవారికి అందవు. ఆ దీపానికి అంగుళమంత అడ్డు వచ్చే స్పాయిలర్‌ను, ఎంత అందంగా ఉన్నా, దుకాణంలోనే వదిలేయాలి.

దీపాలు అమర్చిన స్పాయిలర్లు కూడా అమ్ముతారు. వాటిని వెలిగించడానికి డిక్కీ తలుపులోని తీగను కోసి అతుకు వేస్తారు. ఆ తీగల కట్టలోనే వెనుక కెమెరా, నంబరు ప్లేటు దీపం, తాళం మోటారు తీగలు కూడా ఉంటాయి. కారు కంప్యూటరు ఆ అతుకును లోపంగా గుర్తించి హెచ్చరిక చూపవచ్చు, వారంటీ కేంద్రం ఆ పేరుతో మరమ్మతును నిరాకరించవచ్చు. వద్దని చెప్పడమే క్షేమం.

చట్టం చెప్పేది

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. మార్పు అంటే వాహన నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణాన్ని మార్చేది అని ఆ సెక్షనులోనే వివరణ ఉంది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 182ఎ సెక్షను కింద ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, రెండూ గానీ పడవచ్చు.

టేపుతో అంటించే సన్నని పట్టీ మౌలిక లక్షణాన్ని మారుస్తుందనడం కష్టం. రేకు కోసి, స్తంభాలు నిలిపి, కారు వెడల్పును దాటించే రెక్క విషయంలో అంత ధీమా పనికిరాదు. సందేహం ఉన్నవారు బొమ్మ చూపించి ప్రాంతీయ రవాణా కార్యాలయంలో ముందుగా అడగాలి. తయారీ సంస్థ బిల్లు ఉపయోగపడేది ఇలాంటి చోటనే. బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. తరువాత అమర్చిన సామగ్రి విలువ కారు బీమా విలువలో దానంతటదే చేరదు, దానికి విడిగా ప్రీమియం కట్టాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నంబర్లతో ఇక్కడికి వచ్చినవారికి మరొక కారణం ఉంది. వాహనం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. సొంత రాష్ట్రం నుంచి 28వ ఫారంతో నిరభ్యంతర పత్రం, ఇక్కడ 27వ ఫారంతో దరఖాస్తు, ఆపై వాహనాన్ని చూపించడం. ఆ రోజున కారు పుట్టినప్పటి రూపంలో ఉంటే ప్రశ్నలు తక్కువ. స్పాయిలర్ కొనే ఆలోచన ఉన్నవారు ఆ పని ముగిసేవరకు ఆగడం తెలివైన పని.

అమరిక

టేపుతో అమర్చడం ఇంటి వద్ద ఇద్దరు మనుషులు చేసుకోగల పని. దుకాణంలో చేయించినా ఇదే క్రమం పాటించమని అడగాలి. రంధ్రం వద్దని ముందే చెప్పాలి. కన్నడంలో ‘తూతు మాడబేడి’ అంటే చాలు. మన తూటుకు అది తోబుట్టువే. రంధ్రం పడిన చోట రంగు, తుప్పు నిరోధక పూత రెండూ తెగిపోతాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది, డిక్కీలోకి నీరు దిగుతుంది. తుప్పుపై తయారీదారు ఇచ్చిన హామీ ఆ రేకుకు వర్తించకుండా పోవచ్చు.

అక్రిలిక్ ఫోమ్‌తో చేసిన, రెండు వైపులా అంటే టేపు దీనికి తగినది. స్పాయిలర్‌తో పాటు వచ్చిన టేపు పలుచగా, స్పాంజిలా ఉంటే పీకివేసి పేరున్న సంస్థ టేపు వేరుగా కొనడం మంచిది. తక్షణం పట్టే జిగురు చుక్కలు, సిలికాన్ గమ్ వద్దు. మొదటిది రంగును తింటుంది, రెండవది మరక వదలదు.

ఈ టేపు 21 నుంచి 38 డిగ్రీల మధ్య బాగా అంటుతుంది. బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజామున రేకు అంతకంటే చల్లగా ఉంటుంది, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో నల్ల కారు రేకు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఉదయం పది గంటల వేళ, నీడలో, వాన లేని రోజున పని పెట్టుకోవాలి.

మొదట డిక్కీ అంచును షాంపూతో కడిగి ఆరబెట్టాలి. కంటికి శుభ్రంగా కనిపించినా మైనం, పాలిష్, సిరామిక్ పూత పొర మిగిలి ఉంటుంది. టేపు ఆ పొరకు అంటుతుందే గానీ కారుకు అంటదు. దారిలో ఊడిపోయే స్పాయిలర్లలో చాలా వాటికి కారణం ఈ పొరే. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీరు సమపాళ్లలో కలిపి, నూలు రాలని గుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఆ తరువాత చేతి వేళ్లతో ముట్టకూడదు. స్పాయిలర్ అడుగు భాగానికీ ఇదే శుద్ధి అవసరం. సిరామిక్ పూత గట్టిగా ఉన్న కారుకు ఆల్కహాలు సరిపోదు, పూత వేసినవారి చేతనే ఆ సన్నని పట్టీ మేర తీయించాలి.

తరువాత టేపు తీయకుండానే స్పాయిలర్‌ను డిక్కీపై నిలిపి, మధ్యభాగం గుర్తించి, రెండు వైపుల దూరాన్ని కొలటేపుతో సరిచూడాలి. చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి హద్దులు గీసుకోవాలి. ఈ కొలతకు అరగంట పట్టినా తొందరపడరాదు, ఎందుకంటే ఈ టేపు ఒకసారి తాకిన చోటు నుంచి జరగదు. టేపు పైనున్న ఎర్ర కాగితాన్ని ఒక్కసారిగా కాక, రెండు కొనల వద్ద కొద్దికొద్దిగా తీసి బయటకు మడిచి ఉంచితే స్పాయిలర్ సరిగా కూర్చున్నదీ లేనిదీ చూసుకొని, ఆ తరువాత మిగతాది పక్కనుంచి లాగవచ్చు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు లాగాలి. చివరగా మధ్యనుంచి కొనల వైపు బొటనవేలితో గట్టిగా నొక్కుతూ పోవాలి. ఈ టేపు ఒత్తిడితోనే అంటుతుంది, కాబట్టి నొక్కడంలో పొదుపు కూడదు.

టేపు పూర్తి పట్టు పొందడానికి 72 గంటలు కావాలి. మొదటి రోజుకే తొంభై శాతం వరకు పట్టు వచ్చినా, మూడు రోజులు నిండేవరకు కారు కడగకూడదు, అధిక పీడనపు నీటి గొట్టం దగ్గరకు రానీయకూడదు, రహదారి ప్రయాణం పెట్టుకోకూడదు. డిక్కీ మూసేటప్పుడు స్పాయిలర్‌ను పట్టుకొని నొక్కే అలవాటు ఆ తరువాత కూడా వద్దు, అపార్ట్‌మెంటు కాపలాదారుకు, కారు కడిగే మనిషికి ఒక మాట చెప్పి ఉంచాలి.

నాలుగవ రోజున కొనలను వేలితో మెల్లగా పైకి లాగి చూడాలి. రాత్రి పూట ఒకరు వెనుక పది అడుగుల దూరాన నిలబడి మూడు బ్రేకు దీపాలూ పూర్తిగా కనిపిస్తున్నాయో లేదో చెప్పాలి. మొదటిసారి 80 కిలోమీటర్ల వేగం అందుకున్నప్పుడు అద్దాలు మూసి వినాలి. పెట్రోలు కారులో ఇంజను మోత కప్పివేసే సన్నని ఈల విద్యుత్ కారులో స్పష్టంగా వినబడుతుంది. ఈల వినిపిస్తే ఎక్కడో సందు ఉన్నట్లే, ఆ కొన లేవబోతున్నట్లే. దానిని మళ్లీ నొక్కితే సరిపోదు. తీసి, పాత టేపు గీకివేసి, కొత్త టేపుతో మొదటి నుంచి చేయాలి.

తీయడానికి హెయిర్ డ్రయ్యర్‌తో అంచును వెచ్చబెట్టి, గట్టి నైలాన్ దారాన్ని రేకుకు, స్పాయిలర్‌కు మధ్య రంపంలా అటూ ఇటూ లాగితే టేపు తెగుతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలుగా దొర్లించి, ఆల్కహాలు గుడ్డతో తుడవాలి. బ్లేడు, స్క్రూడ్రైవరు ఉపయోగించరాదు. ఎండకు రంగు వెలిసిన పాత కారైతే పట్టీ ఉన్న మేర ముదురు గీత కనిపిస్తుంది. పాలిష్‌తో అది చాలావరకు కలిసిపోతుంది.